ఘోరమైన అబద్ధంతో వచ్చిన శాంతి న్యాయమేనా? మా ఊర్లో జరిగిన రాజీ గురించి చెప్తా

ప్రశ్న ఏందంటే, ఒక ఘోరమైన అబద్ధం చెప్పి జనం కొట్టుకు చావకుండా ఆపగలిగితే ఆ అబద్ధం తప్పా కాదా అని. ఇక్కడ రాసినోళ్లలో చాలామంది తప్పు కాదు, పది ప్రాణాలు మిగిలితే చాలు అన్నారు. నేను ఒప్పుకోను, అస్సలు ఒప్పుకోను, ఎందుకంటే నేను పెరిగిందే అట్లాంటి శాంతిలో.

మాది రాయలసీమలో ఒక పల్లె, పేరు వద్దు. నేను పుట్టకముందు అక్కడ రెండు వర్గాలు, చెరువు నీళ్ల కాడ మొదలైన పగ ఎలక్షన్ల దాకా పోయింది. ఒకరోజు రాత్రి మడవ దగ్గర కట్టెలతో కొట్టుకున్నారు. ఒక వర్గం పెద్దాయన దగ్గర జీతానికి ఉండే పిల్లోడు, మీసాలు కూడా సరిగా రాలేదంట, ఆ దెబ్బలకు చచ్చిపోయినాడు. తెల్లారేసరికి శవం బావిలో తేలింది. పొద్దెక్కకముందే రెండు పక్కల పెద్దమనుషులు కూర్చుని ఒక మాట అనుకున్నారు: ఈ పిల్లోడు మోటారు వైరు దొంగతనం చేసి చీకట్లో పారిపోతా బావిలో పడినాడు. ఊరంతా అదే చెప్పింది, పోలీసోళ్లు అదే రాసుకున్నారు, అనుమానాస్పద మృతి అని కేసు కట్టి మూసేశారు. ఆ కూర్చున్నోళ్లలో మా నాయన కూడా ఉన్నాడు.

నిజం చెప్పాలంటే శాంతి వచ్చింది. ఆ తర్వాత మా ఊర్లో తల పగల్లేదు. రోడ్డు వేశారు, స్కూలు పెద్దదైంది, ఆఖరికి ఆ రెండు ఇళ్లు వియ్యం కూడా అందుకున్నాయి.

ఆ పెళ్లికి నేను ఉన్నా, చిన్నపిల్లోడిని. ఆ చనిపోయిన పిల్లోడి తల్లి పెరట్లో గిన్నెలు తోముతా ఉంది, ఏ ఇంట్లో కార్యమైనా ఆమెనే పిలిచేవాళ్లు. భోజనాలు సగంలో ఉండగా పెళ్లికొడుకు వెండి గ్లాసు కనపడలేదని ఎవరో అన్నారు. అంతే, ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు, పేరు కూడా ఎత్తలేదు, కానీ అందరి తలకాయలూ పెరటి వైపు తిరిగినాయి. ఆమె లేచింది, బూడిద చేతులు కడుక్కుంది, చీర కొంగు ముడి విప్పి అందరి ముందర దులిపింది. రెండు తమలపాకులు, ఒక వక్క, విస్తరాకు ముక్కలో చుట్టుకున్న ఓళిగ ఒకటి కింద పడినాయి. మళ్లీ కూర్చుని తోముకోవడం మొదలుపెట్టింది. ఆమెను ఎవరూ అడగలేదు చూడండి, తనంతట తనే చేసింది, అంటే అంతకుముందు ఎన్నిసార్లు చేసి ఉంటుందో మీరే ఆలోచించండి. గ్లాసు తర్వాత బియ్యం గంప కింద దొరికింది, దొరికిందని ఆమెకు పోయి చెప్పినోడు లేడు. మా నాయన నా పక్కనే విస్తరి ముందర కూర్చోని ఉన్నాడు, తల ఎత్తలేదు. ఆమె వైపు ఎందుకు చూస్తున్నారు అని అడిగితే తిను అన్నాడు. ఊర్లో ఆమెను వైరుదొంగోడి అమ్మ అనేవాళ్లు, అది ఆమె పేరే అనుకునేవాళ్లం పిల్లలం.

అసలు సంగతి నాకు పెద్దయినాక చిన్నాయన చెప్పినాడు. నాయన్ను నిలదీసి అడిగినా. ఆయన నాలుగు రోజులు మాట్లాడకుండా, తర్వాత ఒకటే అన్నాడు, ఆ పొద్దు నిజం ఒప్పుకోని ఉంటే సాయంత్రానికి ఇంకో నలుగురు పోయేవాళ్లు రా అని. అది నిజమే కావచ్చు, కాదనను. కానీ నలుగురు పోకుండా ఉండాలంటే చంపినోడి పేరు దాస్తే సరిపోయేది గదా, చచ్చినోడిని దొంగను ఎందుకు చేయాల? చీకట్లో కాలు జారి పడినాడు అని ఉంటే కూడా అదే శాంతి వచ్చేది. దొంగ అన్నారు ఎందుకంటే దొంగ చస్తే ఎవరూ ఆరా తీయరు, తల్లి కూడా గట్టిగా ఏడవలేదు. ఆ ముక్క ఊరి కోసం కాదు, పెద్దమనుషులు రాత్రి నిద్రపోవడం కోసం. ఇంకొకటి కూడా చెప్పాలి, ఆ పిల్లోడు రెండు వర్గాల్లో ఏ కులం వాడూ కాదు. చచ్చింది ఆ పెద్దాయన సొంత కొడుకైతే రాజీ అనే మాట ఎవరి నోట్లోనుంచైనా వచ్చేదా?

అందుకే, ఆ రోజుల్లో పెద్దమనుషులు రచ్చబండ మీద కూర్చుంటే అన్నీ తేలిపోయేవి, కోర్టులు ఎందుకు అని ఇప్పుడు వాట్సాప్‌లో పంపుతుంటారే, అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. హత్య కేసులో రాజీకి చట్టం ఒప్పుకోదు, అయినా చేస్తారు, సాక్షులను తిప్పేస్తారు, లేదా మా ఊర్లో లాగా అసలు హత్యే కాదంటారు. ఇంకొందరు అశ్వత్థామ హతః తీసుకొస్తారు, ధర్మరాజే చెప్పాడు గదా అని. చెప్పాడు, ఫలితం కూడా అనుభవించాడు, నాలుగు వేళ్లు పైన నడిచే రథం నేలకు దిగింది, ఆఖర్న నరకం కూడా చూడాల్సి వచ్చింది. అక్కడ అబద్ధం ఎవరు చెప్పారో వాళ్లే అనుభవించారు. మా ఊర్లో చెప్పింది ఒకరు, అనుభవించింది గిన్నెలు తోముకునే ఆమె.

కాటిన్ ఊచకోత గురించి చదివినప్పుడు నాకు మా ఊరే గుర్తొచ్చింది. 1940లో స్టాలిన్ ప్రభుత్వం దాదాపు 22,000 మంది పోలండ్ సైన్యం ఆఫీసర్లను, పోలీసులను, చదువుకున్నోళ్లను కాల్చి పూడ్చిపెట్టింది. 1943లో జర్మన్లు రష్యాలోని కాటిన్ అడవిలో ఆ గుంతలు కొన్ని బయటపెడితే రష్యా వాళ్లు ఇది హిట్లర్ పనే అన్నారు. పోలండ్ ప్రవాస ప్రభుత్వం రెడ్‌క్రాస్ విచారణ అడిగిందని స్టాలిన్ వాళ్లతో సంబంధాలే తెంచుకున్నాడు. బ్రిటన్, అమెరికా నోరు మూసుకున్నాయి, యుద్ధంలో స్టాలిన్ కావాలి గదా. యుద్ధం అయిపోయినాక కూడా పోలండ్, రష్యా స్నేహం ఆ అబద్ధం మీదే నడిచింది. అక్కడ కూడా మౌనంగా ఉంటే సరిపోలేదు, జర్మన్లు ఆ ప్రాంతానికి వచ్చిందే 1941లో కాబట్టి, 1940 అనే అంకె రాస్తేనే నేరం అయిపోయింది. 1981లో వార్సా శ్మశానంలో జనం కాటిన్ 1940 అని చెక్కించి ఒక శిల నిలబెడితే అదే రాత్రి పోలీసులు ఎత్తుకుపోయారు. తండ్రి ఎప్పుడు చచ్చాడో రాసుకునే హక్కు బిడ్డకు లేదు! 1990లో గోర్బచేవ్ ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటే ఏమైంది, పోలండ్ పోయి రష్యా మీద యుద్ధం చేసిందా?

నిజం చెప్తే అంతా తగలబడిపోతుంది అనే మాటను నేను అందుకే నమ్మను. ఆ మాట అనేది ఎప్పుడూ ఆ అబద్ధంతో బాగుపడినోళ్లే. నాయన్ను ఇంకో ప్రశ్న కూడా అడిగినా, ఊరికి చెప్పకపోతే పోయె, ఆ తల్లికైనా ఇంటికిపోయి నీ కొడుకు దొంగ కాదమ్మా అని చెప్పొచ్చు గదా అని. చెప్తే ఆమె ఊరుకుంటుందా అన్నాడు. ఊరుకోవాలో వద్దో తేల్చుకోవాల్సింది ఆమె. కొడుకు పోయింది ఆమెకు.

ఆమె ఇప్పుడు లేదు, మా నాయనా లేడు. మొన్న ఊరికి పోయినప్పుడు ఆమె కూతురు, మేం అక్కా అని పిలుస్తాం, నన్ను అడిగింది, మీ నాయన నీకేమైనా చెప్పినాడా అని. నాకు తెలిసింది తెలిసినట్టు చెప్పినా, కొట్టినోడి పేరుతో సహా. మానిన పుండు ఎందుకు గీరినావు అని చిన్నాయన నాతో మాట్లాడటం మానేసినాడు. ఆ యక్క పోయి ఆ ఇంటి ముందర నిలబడి అరిచింది, వాళ్లు తలుపు వేసుకున్నారు, పెద్దాయన మనవడు ఒకడు మాత్రం సాయంత్రం ఆమె ఇంటికి వచ్చి కూర్చుని పోయినాడంట. ఊర్లో ఇంతవరకూ ఎవరూ ఎవర్నీ కొట్టుకోలేదు.