వాళ్లే దిగుతామంటే మన తప్పేముంది?

ప్రశ్న: మాది 24 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. సంఘానికి నేనే కార్యదర్శిని. మూడేళ్ల కిందట సెప్టిక్ ట్యాంకు నిండితే ట్యాంకరును పిలిపించాం. పైనున్నదంతా లాగేశాక, అడుగున గట్టిపడిన మడ్డి గొట్టానికి అందడం లేదన్నాడు డ్రైవరు. ఇంకో మూడు వేలు ఇస్తే ఇద్దరు దిగుతారన్నాడు. ఇచ్చాం. పని అయ్యాక వాళ్లు కింద కుళాయి దగ్గర ఒళ్లు కడుక్కుంటుంటే, ఆ కుళాయి ముట్టుకోవద్దని మూడో అంతస్తు వారు పైనుంచి కేకేశారు. ఆ కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఇప్పుడు ట్యాంకు మళ్లీ నిండింది. ఈసారి మనుషులను దించవద్దని సమావేశంలో అన్నాను. "వాళ్లు ఇష్టపడే దిగుతున్నారు, మనం బలవంతం చేయడం లేదు కదా. వద్దంటే పోయేది వాళ్ల కూలే" అన్నారు. నాకు జవాబు తోచలేదు. నిజంగా ఇందులో తప్పుందా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఉంది. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది నిదానంగా మాట్లాడుకోవచ్చు.

పురపాలక సంఘాల్లో ఇంజనీరుగా 31 ఏళ్లు పనిచేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక మార్కెట్ వెనుక పొంగుతున్న మ్యాన్‌హోల్ దగ్గర ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. దిగబోయే మనిషికి నలభై ఏళ్లుంటాయి. చొక్కా విప్పి, బొత్తాలు పెట్టి, మడత పెట్టి పక్కనున్న కుర్రాడి చేతికిచ్చాడు. నడుముకు నూలు తాడు కట్టుకున్నాడు. దిగుతూ దిగుతూ నా వైపు చూసి, "సార్, కొంచెం అవతలికి జరగండి, మీ మీద చింది పడుతుంది" అన్నాడు. నేను జరిగాను. ఆయన క్షేమంగానే పైకొచ్చాడు. 'పూడికతీత కూలి' అని బిల్లు రాసి సంతకం పెట్టాను. ఏమీ జరగలేదు కాబట్టి చాలా ఏళ్ల వరకు దాన్ని గురించి ఆలోచించనే లేదు. ఇప్పుడు మీ వాళ్లను నిశ్చింతగా ఉంచుతున్నదీ అదే. పోయినసారి ఇద్దరూ బతికి బయటికొచ్చారు.

లోపల ఏముంటుందో మీ సమావేశంలో ఎవరైనా చెప్పారా? మలం కుళ్లినచోట హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పుడుతుంది. కొద్దిగా ఉంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముందు ముక్కునే మొద్దుబారుస్తుంది. వాసన తగ్గిందనుకుని లోపలి మనిషి ఇంకో అడుగు వేస్తాడు. మూత తీసి రెండు గంటలు గాలి ఆడనిచ్చాం కదా అంటారు కొందరు. మడ్డిలో చిక్కుకున్న వాయువు పారతో కదిపినప్పుడే పైకి లేస్తుంది. దీపం దించి చూడటమూ పనికిరాదు. దీపం వెలిగినంత మాత్రాన విషవాయువు లేనట్టు కాదు, పైగా మీథేన్ ఉంటే మంట అంటుకుంటుంది. ఒకరు పడిపోతే రెండోవారు ఆగలేక దూకుతారు. 2015 నవంబరులో కోళికోడ్‌లో అదే జరిగింది. మ్యాన్‌హోల్‌లో దిగి పడిపోయిన ఇద్దరు కార్మికులు మన ఆంధ్రప్రదేశ్ నుంచి పని కోసం వెళ్లినవారు. వాళ్లను కాపాడబోయిన ఆటో డ్రైవరు నౌషాద్ కూడా చనిపోయాడు. ఆ చావులు చూసి కలతచెందిన యువ ఇంజనీర్లు కేరళలోనే మ్యాన్‌హోల్ శుభ్రం చేసే 'బాండికూట్' రోబోను తయారుచేశారు.

ఇక 'ఇష్టపడే' అన్న మాట. దిగితే మూడు వేలు, దిగకపోతే ఏమీ లేదు అని నిర్ణయించింది మీరు. ఆ రెంటిలో ఒకటి ఎంచుకోవడమే వాళ్ల చేతిలో ఉంది. వాళ్ల కూలి పోతుందని మీ సభ్యులకు నిజంగా బాధగా ఉంటే ఉపాయం తేలికే. ఆ మూడు వేలు సంఘం పెట్టెలో ఉన్నాయి కదా. లోపలికి దిగినందుకు ఇచ్చేది, పైన నిలబడి గొట్టం పట్టినందుకు ఇవ్వండి. డబ్బూ అదే, మనుషులూ వాళ్లే. నీళ్లను ఒత్తిడితో కొట్టే యంత్రం తెప్పించి మడ్డిని పలచన చేయిస్తే, ట్యాంకరు రెండోసారి వచ్చి లాగేస్తుంది. ఖర్చు కొంత పెరుగుతుంది. 24 ఇళ్లకు పంచితే ఎంతవుతుందో మీరే లెక్క వేసి సమావేశంలో చదవండి. ఆ అంకె విన్నాక కూడా మనుషులనే దించుదామని ఎవరైనా అంటారేమో చూద్దాం.

ట్యాంకరు యజమాని పంపిన మనుషులకు మాకేం సంబంధం అనే వారికి మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 నాటి చట్టం చూపించండి. రక్షణ సాధనాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని నేరుగా గానీ, మరొకరి ద్వారా గానీ దింపడం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఇలాంటి చావులకు చెల్లించాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో పది లక్షలని చెప్పి, 2023లో 30 లక్షలకు పెంచింది. మీ మాట వినని వారు జైలు మాటకైనా ఆగితే, ప్రస్తుతానికి అదీ మంచిదే.

ఆ కుళాయి కేక దగ్గరికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలచివేసింది అదే. ఆ ఇద్దరూ శుభ్రం చేసింది మూడో అంతస్తు వారి మలాన్ని కూడా. ఈ పనికి వచ్చేవారు ఏ ఊళ్లోనైనా దాదాపు ఎప్పుడూ అవే కులాల నుంచి, అవే పేటల నుంచి ఎందుకు వస్తున్నారో మనం అడగం, తెలుసు కాబట్టి. కోలార్ బంగారు గనుల ప్రాంతంలోని తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ జీవితమంతా పోరాడుతున్నది దీనిపైనే. 2016లో ఆయనకు మెగసెసే పురస్కారం వస్తే తెలుగువాళ్లం గర్వపడ్డాం. మన మెట్ల కింది కుళాయి దగ్గరికొచ్చేసరికి ఆ గర్వం ఎటు పోయింది?

మడ్డి గట్టిపడటానికి మీ ఇళ్లూ కారణమే. శానిటరీ ప్యాడ్లు, పిల్లల డైపర్లు, ప్లాస్టిక్ సంచులు మరుగుదొడ్లో వేస్తే గొట్టం మూసుకుపోతుంది, అప్పుడే 'మనిషి దిగాలి' అనే మాట పుడుతుంది. వీటిని విడిగా చుట్టి చెత్తబండికి ఇవ్వమని ఇంటింటికీ వెళ్లి చెప్పండి. ట్యాంకును రెండు మూడేళ్లకోసారి నిండకముందే ఖాళీ చేయిస్తే మడ్డి పేరుకోదు. ఇరుకు సందులో యంత్రం పట్టదంటారేమో. హైదరాబాద్ జలమండలి 2017లోనే ఇరుకు గల్లీల కోసం, నీళ్లను ఒత్తిడితో కొట్టే 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను రంగంలోకి దించింది. మీ పురపాలక కార్యాలయంలో అడగండి, సెప్టిక్ ట్యాంకుల శుభ్రతకు సంబంధించిన సహాయ నంబరు 14420కి ఫోను చేయండి.

ట్యాంకరు వచ్చిన రోజు మీరు కిందే ఉండండి. వచ్చినవాళ్ల పేర్లు అడిగి సంఘం రిజిస్టరులో రాయండి. పోయినసారి పద్దులో వాళ్ల పేర్లు ఉండి ఉండవు. కుళాయి దగ్గర కొత్త సబ్బు, ఉతికిన తువ్వాలు పెట్టించండి. మూడో అంతస్తు వారు మళ్లీ ఏమైనా అంటే ఈ పత్రిక కార్యాలయానికి ఫోను చేయించండి, వారితో నేను మాట్లాడతాను.