అమెరికా అధ్యక్షుల గ్రంథాలయాల్లో విదేశాంగ పత్రాలను ఎలా వెతకాలి?

అంశం పేరుతో కాకుండా, పత్రాన్ని భద్రపరచిన కార్యాలయం, దేశం, తేదీ అనే క్రమంలో వెతకాలి. ఎందుకంటే ఒక్కో అధ్యక్షుడి కాలంనాటి పత్రాలను దాచే ఈ గ్రంథాలయాల్లో కాగితాలను అంశాలవారీగా విడదీయరు; శ్వేతసౌధంలో ఏ విభాగం ఏ వరుసలో ఉంచిందో అదే వరుసలో పెట్టెల్లో దాస్తారు, జాబితాలో సాధారణంగా ఫైలు పేరే తప్ప లోపలి ఉత్తరాల వివరం ఉండదు.

ఉదాహరణకు, 1962 చైనా యుద్ధంలో వైమానిక సాయం కోరుతూ నవంబరు 19న నెహ్రూ కెనెడీకి రాసిన లేఖల కోసం బోస్టన్‌లోని కెనెడీ గ్రంథాలయంలో ‘జాతీయ భద్రతా ఫైళ్లు’ (National Security Files) అనే పత్రాలు, వాటిలో దేశాల విభాగం, అందులో భారత్ చూడాలి. అంతటి ముఖ్యమైన లేఖలు సైతం దశాబ్దాలపాటు రహస్యంగానే ఉండిపోయాయి.

వెబ్‌సైటులో కనిపించని పత్రం అసలు లేదనుకోవడం పెద్ద పొరపాటు; చాలా పత్రాలు ఇంకా స్కాన్ కాలేదు, రహస్య ముద్ర ఉన్నవాటిని పునఃపరిశీలించమని ఎవరైనా అర్జీ పెట్టుకోవచ్చు.