మధ్యయుగ కవచాల తయారీ ఉపాధి అవుతుందా? గాజువాక నుంచి ఒక తండ్రి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మాది గాజువాక. నేను ఉక్కు కర్మాగారంలో ఉద్యోగిని. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. ఇనుప తీగను చుట్టి, రింగులుగా కోసి, వాటిని అల్లి గొలుసు కవచం తయారు చేస్తోంది. వాళ్ల నాయనమ్మ కుట్టుమిషన్ మీద దూది పెట్టిన అంగీ కూడా కుట్టింది. విదేశాలలో మధ్యయుగపు యుద్ధాలను తిరిగి ప్రదర్శించే బృందాలకు కవచాలు, కత్తులు, దుస్తులు తయారు చేసి అమ్మడమే తన వృత్తి అంటోంది. బంధువులేమో కంప్యూటర్ సైన్సులో చేర్పించమంటున్నారు. ఈ పనిలో బతుకుతెరువు ఉందా? అమ్మాయిని ఏం చదివించాలి? ఇంట్లో కత్తులు తయారు చేస్తే చట్టం ఒప్పుకుంటుందా?

జవాబు: తండ్రిగారికి నమస్కారం. బతుకుతెరువు ఉంది. కానీ అది ఇంటర్ పూర్తి కాగానే అడుగుపెట్టి నిలదొక్కుకోగలిగిన బాట కాదు. లోహం గురించి గానీ వస్త్రం గురించి గానీ పద్ధతిగా చదువుకుని, ఆ చదువు మీద ఈ నైపుణ్యాన్ని నిలబెట్టుకున్నవారికే అది నిలకడైన ఆదాయం ఇస్తుంది. అందువల్ల మీ అమ్మాయిని ఈ ఆసక్తి నుంచి మళ్లించవద్దనీ, అదే సమయంలో డిగ్రీ మానుకోనివ్వవద్దనీ నా సలహా. ఇష్టం లేని కంప్యూటర్ సైన్సు కంటే ఆమె చేతిలో ఇప్పటికే ఉన్న పనికి దగ్గరైన ఇంజనీరింగ్ శాఖ మన ఊరిలోనే ఉంది. దాని గురించి చెప్పే ముందు, ఈ వస్తువులను కొనేవారు ఎవరో, దేనికి డబ్బు చెల్లిస్తారో మీరు తెలుసుకోవడం అవసరం.

పోలండ్‌లో 1410 జులై 15న జరిగిన గ్రున్‌వాల్డ్ యుద్ధాన్నీ, ఇంగ్లండ్‌లో 1066 నాటి హేస్టింగ్స్ యుద్ధాన్నీ ఆ పొలాలలోనే తిరిగి ప్రదర్శిస్తుంటారు. వాటిలో పాల్గొనేవారు తమ దుస్తులనూ ఆయుధాలనూ సొంత డబ్బుతో సమకూర్చుకుంటారు. పద్ధతిగా నడిచే బృందాలు ప్రతి వస్తువుకూ ఆధారం చూపమంటాయి. 1410 నాటి సైనికుడిగా నిలబడినవాడు 1480 నాటి శిరస్త్రాణం పెట్టుకుంటే, అది ఎంత అందంగా ఉన్నా, వరుసలోంచి తప్పుకోవలసిందే. ఆధారాలు మూడు చోట్ల దొరుకుతాయి: తవ్వకాలలో బయటపడిన వస్తువులు, ఆ కాలపు చిత్రాలూ శిల్పాలూ, ఆ కాలపు రాతలు. స్వీడన్‌లోని విస్బీ పట్టణం వెలుపల 1361లో యుద్ధంలో మరణించినవారిని కొందరిని కవచాలతో సహా సామూహికంగా పూడ్చిపెట్టారు కాబట్టి, బట్టకు లోపలివైపు ఇనుప పలకలను రివెట్లతో బిగించే కవచం ఎలా ఉండేదో ఇవాళ కొలతలతో సహా తెలుస్తోంది. గ్రీన్‌లాండ్‌లోని హెర్యోల్ఫ్స్‌నెస్ శ్మశానంలో 1921లో బయటపడిన ఉన్ని దుస్తుల వల్ల, నడుము కింద వెడల్పు కోసం త్రికోణపు గుడ్డ ముక్కలను ఎలా అతికేవారో తెలిసింది. మీ అమ్మాయి ఏ వస్తువు చేసినా దాని వెనుక ఇలాంటి ఆధారం ఒకటి ఉండాలి. కొనేవాడు డబ్బు చెల్లించేది లోహానికి మాత్రమే కాదు, ఈ ఆధారానికి కూడా.

ఇక లెక్క చూద్దాం. మోకాళ్ల దాకా వచ్చే గొలుసు కవచానికి, రింగు పరిమాణాన్ని బట్టి, 20,000 నుంచి 30,000 రింగులు పడతాయి. మధ్యయుగంలో రింగు కొసలను ఊరకే దగ్గరికి నొక్కి వదిలేయలేదు. కొసలను చదును చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, చిన్న రంధ్రం చేసి, రివెట్టు కొట్టేవారు. 25,000 రింగులకు ఒక్కో దానికి ఒక్క నిమిషమే పడుతుందనుకున్నా 416 గంటలు దాటుతాయి. అంటే రోజుకు 8 గంటల చొప్పున 52 రోజులు. రోజుకు 1,000 రూపాయల కూలి కట్టుకుంటే, తీగ ధర, రవాణా కలపకముందే 52,000 రూపాయలు. చేయి అలవాటుపడనివారికి ఒక్క నిమిషం చాలదు కూడా. మరోవైపు మన దేశంలోనే డెహ్రాడూన్‌లో 1943 నుంచి ఉన్న విండ్‌లాస్ స్టీల్‌క్రాఫ్ట్స్, మీరట్‌లోని డీపీకా వంటి సంస్థలు ఇలాంటి వస్తువులను పెద్ద ఎత్తున తయారు చేసి ప్రపంచమంతటా అమ్ముతున్నాయి. వందల చేతులు కలిసి చేసే ధరతో ఒక్క మనిషి పోటీపడి గెలవలేదు. గొలుసు కవచాలు అల్లి అమ్మడమే వృత్తి అనే ఆలోచనను ఆమె ఇప్పుడే వదులుకోవడం మంచిది. అల్లిక నేర్చుకోవడం వల్ల ఓపిక, లోహపు తీరు తెలిశాయి. ఆ లాభం ఎటూ పోదు.

ఒంటరి పనివారికి చోటు మిగిలి ఉన్నది రెండు వైపులే అని నా అభిప్రాయం. మొదటిది ఒంటి కొలతకు సరిగ్గా అమరే పని. పలకల కవచం పూర్తిగా తొడిగితే 15 నుంచి 25 కిలోల బరువు ఉంటుంది. అది నడుము మీదా భుజాల మీదా సరిగ్గా పంచుకుంటే మనిషి పరుగెత్తగలడు, గుర్రం ఎక్కగలడు. రెండు అంగుళాలు తేడా వస్తే చేయి పైకి లేవదు. గోదాములో పెట్టి అమ్మే సరుకు ఈ అవసరాన్ని తీర్చలేదు. కవచం కింద వేసుకునే మెత్తటి అంగీ విషయంలో ఇది మరీ నిజం, ఎందుకంటే పైన ఉండే ఇనుమంతా దాని మీదే కూర్చుంటుంది. ఫ్రాన్స్ రాజు 11వ లూయీ కాలపు సైనిక ఆజ్ఞలో అలాంటి కోటుకు 25 నుంచి 30 పొరల బట్ట, ఒక జింక తోలు ఉండాలని రాసి ఉంది. అన్ని పొరలు కలిపి కుడుతూ భుజం కదలికకు అడ్డు రాకుండా కత్తిరించడం దర్జీకి పెద్ద పరీక్ష. మీ అమ్మాయి నాయనమ్మ మిషన్ మీద మొదలుపెట్టిన పని ఇదే. నిజం చెప్పాలంటే, ఆమె చేసినవాటిలో నాకు ఎక్కువ ఆశ కలిగించింది ఆ అంగీయే.

రెండవది మన నేల మీద నడిచిన సైనికుడు. యూరప్ యోధుడి కవచం చేసేవారు చాలామంది ఉన్నారు. విజయనగర అశ్వికుడినో, కళింగను ఏలిన గాంగ రాజుల కాలిబంటునో ఆధారాలతో నిలబెట్టేవారు బహు తక్కువ. ఆధారాలు లేకకాదు. పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ 1520 ప్రాంతంలో కృష్ణదేవరాయల సేనల కవాతును చూసి, రౌతుల అంగీలు గట్టి పచ్చితోలు పొరలతో చేసి, లోపల ఇనుప పలకలతో బలపరిచి, పైన పట్టు, మఖమలు, జరీ బట్టలతో ఉండేవనీ, కొన్ని పలకలకు బంగారు పూత ఉండేదనీ, శిరస్త్రాణాలకు మెడను కప్పే అంచు ఉండేదనీ వివరంగా రాశాడు. హంపి శిల్పాలలో గుర్రాల సామాగ్రి, ఆయుధాలు కనిపిస్తాయి. లేపాక్షి చిత్రాలలో పొడవైన కుళ్లాయిలు (టోపీలు), అంచుల నమూనాలు రంగులతో సహా ఉన్నాయి. ఇంకా దగ్గరలో చూడాలంటే, గాంగ రాజుల కాలపు సింహాచలం ఆలయం మీ ఇంటి నుంచి గంట ప్రయాణం కూడా కాదు. అదే వంశంలోని మొదటి నరసింహదేవుడు కోణార్క్‌లో కట్టించిన ఆలయపు గోడల మీద యుద్ధపు గుర్రాలు, కాలిబంట్లు ఉన్నారు. రాయల సేన మన ప్రాంతానికి వచ్చిందనడానికి సింహాచలంలోని 1516, 1519 నాటి శాసనాలే సాక్ష్యం. 1689లో బికనేరు రాజు అనూప్‌సింగ్ ఆదోని కోట నుంచి తరలించిన కటారులు, కవచాల మీద ఆ సంగతి చెక్కి ఉండటం వల్ల, దక్కన్ ఆయుధశాలలో ఏముండేదో నేటికీ గుర్తుపట్టగలుగుతున్నాం.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కర్ణాట రాజసభకు వెళ్లేందుకు కుళ్లాయి పెట్టుకుని, కోక చుట్టుకుని, పెద్ద కూర్పాసం, అంటే అంగీ, తొడుక్కున్నానని శ్రీనాథుడు చాటువులో చెప్పుకున్నాడు. అది 15వ శతాబ్దపు మాట. లేపాక్షి చిత్రాలు 16వ శతాబ్దానివి. రెండింటినీ కలిపి ఒక మనిషికి తొడిగితే, ఏ ఒక్క రోజునా బతికి ఉండని మనిషి తయారవుతాడు. ఆధారం ఉన్న భాగం ఏది, దగ్గరి కాలం నుంచి తెచ్చుకున్నది ఏది, తన ఊహ ఏది అన్నది వస్తువుతో పాటు రాసి ఇచ్చే అలవాటు ఆమెకు మొదటి నుంచీ ఉండాలి. పేస్ వర్ణించిన అంగీకి కత్తిరింపు ఎలా ఉండేదో అతను చెప్పలేదు కాబట్టి, అది చేసినవారు అక్కడ ఊహ అని రాయక తప్పదు. సినిమా కళా విభాగాలలో ఈ నియమం ఉండదు. వారికి కెమెరాకు అందంగా, నటుడికి తేలికగా ఉంటే చాలు కాబట్టి ఎక్కువగా ఫైబర్, రబ్బరు వాడతారు. ఆ పనితో మధ్యలో ఖర్చులకు డబ్బు సంపాదించుకోవచ్చు, తప్పేమీ లేదు. కానీ రెండు పనుల వస్తువులూ ఒకే ఆల్బమ్‌లో పెట్టకూడదు.

చదువు విషయానికి వస్తే, నా మొదటి ఎంపిక మెటలర్జికల్ ఇంజనీరింగ్. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కళాశాలలో ఆ శాఖ ఉంది, ఈఏపీసెట్ ద్వారా చేరవచ్చు. జేఈఈ మెయిన్ ర్యాంకు బాగా వస్తే వరంగల్ ఎన్‌ఐటీలోనూ ఉంది. ఉక్కును ఎంత వేడి చేసి దేనిలో ముంచితే గట్టిపడుతుంది, తరువాత ఎంత కాచితే పెళుసుతనం పోతుంది అన్నది కొలిమి దగ్గర రంగు చూసి నేర్చుకోవచ్చు గానీ, ఎందుకు అలా జరుగుతుందో తెలిసినవారికి తప్పు వచ్చినప్పుడు కారణం దొరుకుతుంది. పాత కవచాల లోహాన్ని సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, ఆస్ట్రియాలోని ఇన్‌స్‌బ్రుక్ పనివారు పలకలను కాల్చి ముంచి గట్టిపరిచేవారని తేల్చింది ఈ శాస్త్రమే. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసలలో కరిగించి చేసిన ఉక్కు పశ్చిమాసియా దాకా ఎందుకు వెళ్లిందో కూడా ఆ తరగతి గదిలోనే అర్థమవుతుంది. ఒకవేళ కవచాల పని సాగకపోయినా ఈ డిగ్రీతో ఉద్యోగం దొరుకుతుంది. మీరు పనిచేసే పరిశ్రమే అందుకు ఉదాహరణ. బట్ట వైపు మొగ్గు ఎక్కువని ఆమె తేల్చుకుంటే ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్ ప్రవేశ పరీక్ష రాయించండి. డిగ్రీ తరువాత మ్యూజియం వస్తువుల పరిరక్షణ వైపు వెళ్లాలనుకుంటే నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో మాస్టర్స్ ఉంది.

డిగ్రీ మాత్రమే చేతికి పని నేర్పదు. సెలవుల్లో ఆటోనగర్‌లో టింకరింగ్ చేసే మంచి మేస్త్రీ దగ్గర కూర్చోబెట్టండి. సొట్టపోయిన కారు రేకును వెనుక దిమ్మ పట్టుకుని ముందు సుత్తితో నునుపు చేసే పనికీ, శిరస్త్రాణపు రేకును నునుపు చేసే పనికీ తేడా చాలా తక్కువ. రేకును గుంటలోకి కొట్టి లోతు తేవడం ఒక పద్ధతి. దాకలి మీద బయటి నుంచి కొడుతూ, మధ్య మధ్య ఎర్రగా కాచి మెత్తబరుస్తూ పైకి లేపడం మరో పద్ధతి. రెండోది బిందెలు కొట్టే కంచరివారికి తరతరాలుగా తెలిసిన విద్య. మొదట 18 గేజ్ మైల్డ్ స్టీల్ రేకుతో చెయ్యి తిప్పుకున్నాక, దెబ్బలు తగిలే శిరస్త్రాణానికి 14 గేజ్ దాకా వెళ్లాలి (గేజ్ అంకె తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది). బట్టకు పొందూరులో చేతితో వడికిన నూలు నేత వెళ్లి చూడదగినది. అయితే అది పత్తి. యూరప్ అంగీకి అవిసె నార బట్టే తెప్పించుకోవాలి, పొందూరు బట్టను దక్కన్ దుస్తులకు ఉంచుకోవాలి.

చట్టం గురించి మీ భయం సహేతుకమైనదే. ఆయుధ చట్టం 1959, ఆయుధ నిబంధనలు 2016 ప్రకారం 9 అంగుళాల కంటే పొడవైన లేదా 2 అంగుళాల కంటే వెడల్పైన అలుగు ఉన్న కత్తులు, బాకులు, ఈటెలు, యుద్ధపు గొడ్డళ్లు ఆయుధాల వర్గంలోకి వస్తాయి. ఇంటి పనికో సాగుకో మాత్రమే చేసినవాటికీ, ఆటవస్తువుగా తప్ప మరో విధంగా ఉపయోగపడనివాటికీ, పనికివచ్చే ఆయుధంగా మార్చలేనివాటికీ మినహాయింపు ఉంది. ప్రదర్శన కత్తికి అంచు మొద్దుగా, మొన గుండ్రంగా ఉన్నా, స్ప్రింగ్ స్టీలు కాబట్టి ఆకురాయితో పదును పెట్టడం సాధ్యమే. కాబట్టి మినహాయింపు వర్తిస్తుందని మనంతట మనం అనుకోకూడదు. పోలీసు కమిషనరేట్‌లో రాతపూర్వకంగా అడిగి, సమాధానం రాతలో తీసుకునే దాకా ఆమెను కత్తి జోలికి వెళ్లనివ్వవద్దు. లారీ కమాను పట్టీతో ఒకటి కొట్టిస్తానని ఎవరైనా ముందుకు వచ్చినా ఒప్పుకోవద్దు. పాత పట్టీలలో కంటికి కనిపించని పగుళ్లు ఉంటాయి, దెబ్బ తగిలినప్పుడు ముక్క ఎగిరి ఎదుటివారికి తగులుతుంది. శిరస్త్రాణం, కవచం, అంగీ ఆ వర్ణనలోకి రావు. ఆమె వృత్తి వీటి మీదే నిలబడగలదు.

జింకు పూత ఉన్న తీగను గానీ రేకును గానీ ఎప్పుడూ కాల్చనివ్వవద్దు. ఆ పొగ పీల్చితే జ్వరం, వణుకు వస్తాయి. కంటి అద్దాలు, చెవి రక్షణ లేకుండా గ్రైండర్ పట్టకూడదు. మన సముద్రపు గాలికి మెరుగు పెట్టిన మైల్డ్ స్టీలు రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది కాబట్టి, పని ముగిసిన ప్రతిసారీ నూనె పూసి గుడ్డలో చుట్టాలి.

ఇంటర్ పరీక్షలకూ ప్రవేశ పరీక్షలకూ అడ్డు రాకుండా, ఆ తరువాత దొరికే వేసవిలో ఆమెను ఒకే ఒక్క వస్తువు చేయమనండి: ఒక ఏడాది, ఒక చోటు ఎంచుకుని, అప్పటి అక్కడి సైనికుడు తలకు పెట్టుకునే మెత్తటి టోపీ. ఏ చిత్రం చూసింది, ఎన్ని పొరలు వేసింది, ఎన్ని గంటలు పట్టింది, ఎంత ఖర్చయింది, ఎక్కడ ఊహించింది అన్నది రెండు పేజీలలో రాయమనండి. టోపీ ఫోటోలతో పాటు ఆ రెండు పేజీలు నాకు పంపితే, తరువాతి వస్తువుగా ఏది చేయాలో, దానికి ఎంత ధర అడగవచ్చో ఆమె గంటల లెక్క చూసి రాస్తాను.