టెక్సస్‌లో లైసెన్సు అక్కర్లేదట, మరి మా అబ్బాయికి?

పాఠకుల న్యాయ సందేహాలు

ప్రశ్న: మా అబ్బాయి ఎఫ్‌–1 వీసా మీద టెక్సస్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు. ఈమధ్య స్నేహితులతో షూటింగ్ రేంజ్‌కు వెళ్ళి, అద్దెకు తీసుకున్న రైఫిల్ పట్టుకుని దిగిన ఫొటోను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు. మా వీధిలో అందరూ మెచ్చుకున్నారు గానీ, మా ఆడపడుచు కొడుకు మాత్రం అది నేరమని భయపెడుతున్నాడు. మావాడేమో ‘ఇక్కడ తుపాకికి లైసెన్సే అక్కర్లేదమ్మా, అది రాజ్యాంగం ఇచ్చిన హక్కు’ అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక తల్లి, బరంపురం, గంజాం జిల్లా

జవాబు: అమ్మా, మీ మేనల్లుడి భయమే చట్టానికి దగ్గరగా ఉంది. అలాగని మీ అబ్బాయి చెప్పినది పూర్తిగా అబద్ధమూ కాదు. అమెరికా రాజ్యాంగానికి 1791లో చేసిన రెండవ సవరణ ఆయుధాలు కలిగి ఉండే హక్కును గుర్తించింది. అది వ్యక్తులకు ఉన్న హక్కేనని 2008లో హెల్లర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు అయిదుగురికి నలుగురు తేడాతో తీర్పు చెప్పింది. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి ఇరవై ఒక్క ఏళ్ళు నిండినవారు పర్మిట్ లేకుండానే చేతి తుపాకి వెంట తీసుకువెళ్ళవచ్చు. అయితే తుపాకి కలిగి ఉండరాదని చట్టం నిషేధించినవారికి ఆ వెసులుబాటు వర్తించదు. ఎవరెవరికి నిషేధమో చెప్పే ప్రధానమైన జాబితా టెక్సస్ చట్టంలో కాక ఫెడరల్ చట్టంలో, అంటే దేశమంతటికీ వర్తించే చట్టంలో ఉంది.

ఆ జాబితాలో నేరస్థులతో పాటు తాత్కాలిక వీసాల మీద వచ్చినవారు కూడా ఉన్నారు. 1997లో, పర్యాటకుడిగా వచ్చిన ఒక వ్యక్తి ఫ్లోరిడాలో కొన్న తుపాకితో న్యూయార్క్ ఎంపైర్ స్టేట్ భవనం పైన కాల్పులు జరిపాడు. ఆ మరుసటి సంవత్సరం అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ఈ నిషేధాన్ని చేర్చింది. ఎఫ్‌–1 చదువు వీసా, హెచ్‌–1బి ఉద్యోగ వీసా, భార్యాభర్తలకిచ్చే హెచ్‌–4, పర్యాటక వీసా అన్నీ దీని కిందకే వస్తాయి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. కొనడమే కాదు, తుపాకిని గాని తూటాలను గాని దగ్గర ఉంచుకోవడమూ నేరమే. 2022 జూన్‌లో వచ్చిన చట్టం గరిష్ఠ శిక్షను పదేళ్ళ నుంచి పదిహేనేళ్ళకు పెంచింది. తుపాకి నేరంలో శిక్ష పడిన విదేశీయుణ్ణి దేశం నుంచి పంపించివేయడానికి ఇమిగ్రేషన్ చట్టంలో వేరే నిబంధన ఉంది.

‘మరి రేంజ్‌లో ఎవరూ ఆపలేదే’ అని మీ అబ్బాయి అడగవచ్చు. దుకాణంలో తుపాకి కొనేటప్పుడు 4473 అనే ఫారం నింపాలి. తాత్కాలిక వీసా మీద ఉన్నారా అని అందులో సూటిగా అడుగుతారు. ఆ తరువాత ఎఫ్‌బీఐ నడిపే తనిఖీ జరుగుతుంది. రేంజ్‌లో అక్కడికక్కడే కాల్చి తిరిగి ఇచ్చేసే తుపాకికి ఆ ఫారమూ ఉండదు, ఆ తనిఖీ ఉండదు. చాలాచోట్ల కౌంటరు దగ్గర ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. ‘చట్టం నిషేధించిన వ్యక్తిని కాను’ అన్న వాక్యం ఆ కాగితంలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మన పిల్లలు దాన్ని చదవకుండానే సంతకం పెట్టేస్తారు.

మినహాయింపు ఒకటి ఉంది: చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్న వీసాదారుకు ఈ నిషేధం వర్తించదు. అందుకని రేంజ్‌కు వెళ్ళే ముందు ఆన్‌లైన్‌లో వేట లైసెన్సు కొనుక్కునే విద్యార్థులు కొందరున్నారు. న్యాయవాది సలహా లేకుండా దాన్ని నమ్ముకోవడం నాకు సమ్మతం కాదు. ఎందుకంటే ఆ మినహాయింపు వీసా స్థితి సక్రమంగా ఉన్నవారికే. చదువు మధ్యలో ఆగిపోయి ఆ స్థితి రద్దయితే వేట లైసెన్సు పనికిరాదు. రెహైఫ్ కేసులో జరిగినది ఇటువంటిదే. ఎమిరేట్స్ నుంచి వచ్చిన విద్యార్థి ఒకరు ఫ్లోరిడాలో మార్కులు తగ్గి కళాశాల నుంచి తొలగింపుకు గురయ్యాడు. ఆ తరువాత రేంజ్‌కు వెళ్ళి తుపాకి కాల్చినందుకు అతనికి శిక్ష పడింది. తాను నిషిద్ధుల జాబితాలో ఉన్న సంగతి నిందితుడికి తెలుసునని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని 2019లో సుప్రీంకోర్టు ఏడుగురికి ఇద్దరు తేడాతో తీర్పునిచ్చి అతనికి ఊరట కలిగించింది. కాని అందుకు అతడు సుప్రీంకోర్టు దాకా వెళ్ళవలసి వచ్చింది, నిషేధం మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక ఫొటో విషయం. ఫొటో పెట్టడం నేరం కాదు, అది వాక్‌స్వాతంత్ర్యం. అయితే తుపాకి పట్టుకోవడమే నేరమైనప్పుడు, ఆ నేరానికి తేదీతో సహా సాక్ష్యం చెప్పేది ఆ ఫొటోయే. కంగారుపడి ఏదీ తుడిచివేయవద్దని, ముందుగా అక్కడి ఇమిగ్రేషన్ న్యాయవాదిని కలవమని చెప్పండి. అనేక విశ్వవిద్యాలయాలలో విద్యార్థులకు ఉచితంగా సలహా ఇచ్చే న్యాయవిభాగాలున్నాయి.

ప్రశ్న: తుపాకుల విషయంలో ఫెడరల్ చట్టాలను అమలు చేయబోమని కొన్ని అమెరికా రాష్ట్రాలు ప్రకటించినట్లు చదివాను. కేంద్రం చట్టం చేస్తే రాష్ట్రం కాదనడం ఎలా సాధ్యం? మన దగ్గర ఇలా కుదురుతుందా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, రాయగడ

జవాబు: మాస్టారూ, కాదనడం వేరు, చేయి వేయకుండా ఉండడం వేరు. 1993లో వచ్చిన బ్రేడీ చట్టం, తుపాకి కొనేవారి పూర్వాపరాలను విచారించే పనిని స్థానిక పోలీసు అధికారులకు అప్పగించింది. రాష్ట్రాల ఉద్యోగులకు అలా పని పురమాయించే అధికారం ఫెడరల్ ప్రభుత్వానికి లేదని 1997లో ప్రింట్జ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు ఆసరాతో మిస్సోరి రాష్ట్రం 2021లో మరో అడుగు ముందుకు వేసింది: తుపాకి హక్కుకు విరుద్ధమని తాను భావించే ఫెడరల్ చట్టాలు తమ గడ్డ మీద చెల్లనే చెల్లవంటూ, వాటి అమలుకు సాయపడే స్థానిక పోలీసు శాఖలకు 50,000 డాలర్ల జరిమానా విధించింది. ఫెడరల్ కోర్టులు ఆ చట్టాన్ని కొట్టివేశాయి. అంటే స్థానిక పోలీసు అధికారి అయిన షెరీఫ్ తప్పుకోవచ్చు, కాని ఫెడరల్ తుపాకి చట్టాలను అమలు చేసే, న్యాయశాఖ కింద పనిచేసే ఏటీఎఫ్ అధికారులు వచ్చి కేసు పెడితే రాష్ట్రం అడ్డుకోలేదు. పై ప్రశ్నలోని అబ్బాయికి టెక్సస్ ఉదారత రక్షణ కాకపోవడానికి కారణమిదే.

అమలు కూడా మనం సినిమాల్లో చూసినంత పకడ్బందీగా ఉండదు. తుపాకి యజమానుల జాతీయ రిజిస్టరు తయారు చేయకూడదని 1986 నాటి చట్టం నిషేధించింది. మూతపడిన దుకాణాల అమ్మకపు కాగితాలు వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో ఉన్న ఏటీఎఫ్ కేంద్రానికి అట్టపెట్టెల్లో చేరుతాయి. వాటిని స్కాన్ చేస్తారు గానీ, కొన్నవారి పేరుతో వెతికే వీలుండదు. నేరస్థలంలో దొరికిన తుపాకి ఎవరిదో తెలియాలంటే ఒక్కొక్క పేజీ తిరగేయవలసిందే.

మన దగ్గర పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. ఆయుధాలు మన రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితాలో అయిదవ అంశం. 1959 నాటి ఆయుధాల చట్టం పార్లమెంటు చేసినదే అయినా, సాధారణ తుపాకికి లైసెన్సు ఇచ్చేది మీ జిల్లా కలెక్టరే. లైసెన్సు పొందిన ప్రతివారికీ జాతీయ డేటాబేసులో ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఇది మా పని కాదని ఒడిశా ప్రభుత్వం తప్పుకునే అవకాశం లేదు.

ప్రశ్న: తుపాకుల పక్షాన ప్రచారం చేయడం కూడా అమెరికాలో వాక్‌స్వాతంత్ర్యం కిందకే వస్తుందా? దానికి హద్దు ఎక్కడ?
– న్యాయశాస్త్ర విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: వస్తుంది. 2018లో ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ పాఠశాలలో కాల్పులు జరిగాక, తుపాకి యజమానుల సంఘమైన ఎన్ఆర్ఏతో సంబంధాలు తెంచుకోవాలని న్యూయార్క్ ఆర్థిక నియంత్రణాధికారి బీమా కంపెనీలపై ఒత్తిడి తెచ్చారన్నది ఆరోపణ. అదే నిజమైతే వాక్‌స్వాతంత్ర్యాన్ని కాపాడే మొదటి సవరణను ఉల్లంఘించినట్లేనని 2024లో తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా అన్నారు. ఆ కేసులో ఎన్ఆర్ఏ పక్షాన నిలబడినది, తుపాకుల విషయంలో దానితో ఏనాడూ పొసగని పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ. ఇలాంటి ఔచిత్యాన్ని మన దగ్గర కూడా చూడాలని నా కోరిక. ఈ రక్షణ రెండవ పక్షానికీ ఉంది: ఇంట్లో తుపాకి ఉందా అని రోగులను అడగకుండా వైద్యులను కట్టడి చేసిన ఫ్లోరిడా చట్టంలో ముఖ్యమైన భాగాలను 2017లో అప్పీళ్ళ కోర్టు వాక్‌స్వాతంత్ర్యం పేరుతోనే రద్దు చేసింది.

హద్దులు రెండు. తక్షణమే నేరం జరిగేలా రెచ్చగొట్టే మాటకు 1969 నాటి బ్రాండెన్‌బర్గ్ తీర్పు ప్రకారం రక్షణ లేదు. నిజమైన బెదిరింపుకూ లేదు. కాకపోతే తన మాట బెదిరింపుగా వినిపించే ప్రమాదం తెలిసీ లెక్కచేయలేదని రుజువు కావాలని 2023లో కౌంటర్‌మన్ కేసు తీర్పు చెప్పింది.

అక్కడికి చదువుకు వెళ్ళాలనుకునే మీవంటివారు కోర్టు తీర్పుల కన్నా ముందుగా కాన్సులేటు గురించి ఆలోచించాలి. 2019 నుంచి వీసా దరఖాస్తులో గడచిన అయిదేళ్ళ సోషల్ మీడియా ఖాతాల వివరాలు అడుగుతున్నారు. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా కోరేవారు ఆ ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలని సూచించారు. ఒడిశావారు హైదరాబాదు కాన్సులేటు పరిధిలోకి వస్తారు. పెళ్ళి ఊరేగింపులో మామయ్య తుపాకి పట్టుకుని తీయించుకున్న ఫొటోకు అక్కడి అధికారి ఏ అర్థం తీస్తారో ఎవరూ హామీ ఇవ్వలేరు.

ప్రశ్న: మా తాత కాలం నాటి నాటు తుపాకి అటక మీద ఉంది. లైసెన్సు లేదు. అడవిపందులు పంటను పాడుచేస్తున్నాయి. అమెరికా వాళ్ళకు ఉన్న హక్కు రైతుకు ఎందుకు లేదు?
– ఒక రైతు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: మన రాజ్యాంగంలోని 19వ అధికరణం సమావేశమయ్యే హక్కును ఇస్తూనే ‘శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా’ అన్న షరతు పెట్టింది. ఆయుధం కలిగి ఉండడం అమెరికాలో మాదిరి మన దేశంలో ప్రాథమిక హక్కు కాదని 2023లో మన సుప్రీంకోర్టు కూడా గుర్తు చేసింది. ఒక్క కర్ణాటకలోని కొడగు ప్రాంతంలో కొడవ జాతివారికి, జమ్మా అనే వంశపారంపర్య భూములున్నవారికి లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. అది 2029 వరకు అమలులో ఉంటుంది.

అయినా రైతుకు దారి లేకపోలేదు. పంట రక్షణ కోసం గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇచ్చే వీలును ఆయుధాల చట్టం 13వ సెక్షను ప్రత్యేకంగా కల్పించింది. మీరు గడ్చిరోలి కలెక్టరేట్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. లైసెన్సు వచ్చినంత మాత్రాన పందిని కాల్చవచ్చని కాదు. దానికి 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద అటవీశాఖ నుంచి విడిగా అనుమతి పొందాలి. అటక మీద ఉన్నదాన్ని మాత్రం అలాగే ఉంచవద్దు. లైసెన్సు లేని తుపాకికి 2019 సవరణ తరువాత శిక్ష రెండేళ్ళకు తక్కువ కాకుండా అయిదేళ్ళ వరకు ఉంది. మీ ప్రాంతంలో ఇలాంటి తుపాకి దొరికితే పోలీసుల మనసులో ముందుగా మెదిలే అనుమానం ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. ఒక న్యాయవాదిని వెంటబెట్టుకుని, తాతగారి నుంచి వచ్చిందని లిఖితపూర్వకంగా రాసి, పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తీసుకోండి.