మీల్‌వార్మ్ టబ్బుల్లో బూజు: మందు కాదు, ముందు దోసకాయ తీసేయండి

ప్రశ్న: నాటుకోళ్ల మేత కోసం ఇంట్లోనే ప్లాస్టిక్ టబ్బుల్లో మీల్‌వార్మ్ పురుగులు పెంచుతున్నాను. మిల్లు తవుడు పోసి, తేమకు దోసకాయ, సొరకాయ ముక్కలు పెడుతున్నాను. ముసురు పట్టినప్పటి నుంచి తవుడుకు ఆకుపచ్చ బూజు వస్తోంది, కొన్ని పురుగులు నల్లబడి చస్తున్నాయి. కార్బెండజిమ్ కలపవచ్చా?
– ఒక రైతు, నర్సంపేట, వరంగల్ జిల్లా

జవాబు: వద్దు. కార్బెండజిమే కాదు, ఏ బూజు మందూ కలపొద్దు. ఆ తవుడును పురుగు తింటుంది, పురుగును కోడి తింటుంది, ఆ కోడి గుడ్డు మీ పిల్లలు తింటారు. ఫినాయిల్, నాఫ్తలిన్ ఉండలు కూడా ఆ గదిలో పెట్టకండి.

ముసురును తిట్టుకుంటాం గానీ మీ టబ్బుల్లో సగం తప్పు దోసకాయదే. మీల్‌వార్మ్‌కు విడిగా నీళ్లు పెట్టక్కర్లేదు, కూరగాయ ముక్కలోంచే తేమ తీసుకుంటుంది. కానీ దోస, సొర, టమాటా లాంటివి పెడితే పురుగు కన్నా తవుడే ఎక్కువ నీళ్లు తాగుతుంది, దానికి తోడు మూత బిగిస్తే లోపల చెమట పట్టి బూజు రాక ఏమవుతుంది? క్యారెట్ గానీ ఆలుగడ్డ గానీ కోసి, కోసిన వైపు కాసేపు ఆరనిచ్చి, తవుడులో గుచ్చకుండా పైన గుడ్ల అట్ట ముక్క మీద పెట్టండి. రాత్రి పెట్టింది పొద్దున తీసేయాలి. మూత బదులు దోమతెర కట్టండి, తవుడు 2–3 అంగుళాల కన్నా మందంగా పోయకండి. ఒక్కో టబ్బులో పురుగులు మరీ కిక్కిరిసినా వేడెక్కి చస్తాయి, వీటికి 25–28 డిగ్రీలైతే హాయి.

మిల్లు తవుడులో నూనె ఎక్కువ, నాలుగు రోజులుంటే ముక్కిపోయిన వాసన వస్తుంది. దొరికితే గోధుమ తవుడు వాడండి. ఏదైనా సరే పోసేముందు ఎండలో పల్చగా ఆరబోసి, చల్లారాక పోయాలి. గుప్పెట్లో గట్టిగా పిసికి వదిలితే పొడిపొడిగా రాలాలి, ముద్ద కడితే అది పనికిరాదు. టబ్బు అంచున సన్నటి దుమ్ము కదులుతున్నట్టు కనిపిస్తే అవి నల్లులు (మైట్స్), అవి కూడా తేమకే వస్తాయి, పొడి చేస్తే తగ్గుతాయి.

ఇప్పుడు బూజు పట్టినదాన్ని జల్లెడ పట్టి, చురుగ్గా కదిలే పురుగులను మాత్రమే వేరే టబ్బులోకి మార్చండి, ఆ టబ్బును ముందే కడిగి ఎండబెట్టుకోండి. పాత తవుడు ఎండబెట్టి కోళ్లకో బర్రెకో పెడదామనుకుంటారేమో, అది మాత్రం చేయకండి. ఆకుపచ్చ బూజులో అఫ్లాటాక్సిన్ ఉండొచ్చు, ఎండకు బూజు చస్తుంది గానీ ఆ విషం పోదు, బర్రె తింటే పాలలోకి కూడా దిగుతుంది. గుంట తీసి పూడ్చేయండి. మార్చిన పురుగులను కూడా రెండు మూడు రోజులు మంచి తవుడు మీద ఉంచాకే కోళ్లకు వేయండి.

చచ్చిన పురుగులను ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి. నల్లగా, మెత్తగా, కంపు కొడుతుంటే తేమకో వేడికో చచ్చి కుళ్లినవే, పైన చెప్పింది చేస్తే చాలు. అలా కాకుండా పుల్లలా గట్టిపడి, ఒంటి మీద తెల్లటి నూగు వచ్చి, కొన్ని రోజులకు ఆకుపచ్చ పొడి రాలుతుంటే అది పురుగులను చంపే మెటారైజియం అనే బూజు అయి ఉండొచ్చు, తెల్లగానే ఉండిపోతే బవేరియా అనే ఇంకో బూజు. మీరు పత్తికో మిరపకో పురుగు మందుగా కొట్టే పొడులే ఇవి, వాటికి మీ పురుగు, పంట పురుగు అనే తేడా తెలియదు! స్ప్రే చేసి వచ్చిన చేతులతో, అదే చొక్కాతో టబ్బులు ముట్టుకుంటున్నారేమో గుర్తు చేసుకోండి. అలాంటి టబ్బులో బతికినవాటిని కూడా దాచుకోవద్దు, మొత్తం పూడ్చి, టబ్బును బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఎండలో పెట్టండి. చుట్టుపక్కల ఎవరైనా పట్టు పురుగులు పెంచుతుంటే వాళ్లకూ ఓ మాట చెప్పండి, పట్టులో సున్నపుకట్టు తెగులు తెచ్చేది కూడా ఈ బవేరియానే.

ఇంత చేసినా వారం తర్వాత చావులు ఆగకపోతే, అప్పుడే చచ్చినవి కొన్ని మామునూరు కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి. పాలిథిన్ కవర్లో కాదు, కాగితంలో చుట్టి తీసుకెళ్లండి, కవర్లో అయితే దారిలోనే ఇంకో బూజు పట్టి అసలుది ఏదో తేల్చడం కష్టమవుతుంది.