మూడోసారి ఏరిన పత్తిలో బలం ఎందుకు తగ్గింది?

ప్రశ్న: నాలుగెకరాల్లో పత్తి వేశాను. మొదటి రెండుసార్లు ఏరిన పత్తికి మంచి ధరే వచ్చింది. జనవరిలో ఏరినదానికి మాత్రం పింజలో (దూది పోగులో) బలం లేదు, మైక్ (మైక్రోనేర్ అనే నాణ్యత అంకె) తక్కువ అని మిల్లులో ధర తగ్గించారు. విత్తనం నకిలీదా? యూరియా సంచుల్లో తెచ్చానని కూడా కోప్పడ్డారు. – ఒక రైతు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: విత్తనం నకిలీదైతే తొలిసారి ఏరినప్పుడే తేడా తెలిసేది. చేను అదే, మొక్కా అదే. మారింది కాయ ముదిరిన కాలం.

దూదిలో ఒక్కో పోగూ గింజ తొక్క మీద మొలిచిన ఒకే ఒక్క కణం. పువ్వు విచ్చిన రోజు మొదలై 20–25 రోజులు పొడవు సాగుతుంది. అప్పటికి అది పల్చటి గొట్టమే. తర్వాత 45–50 రోజుల వయసు దాకా లోపలి గోడకు సెల్యులోజ్ పొర మీద పొర పడుతుంది. పింజ బలమంతా ఆ పొరల్లోనే ఉంది. గోడ సరిగా కట్టని పోగు మైక్రోస్కోప్ కింద రిబ్బన్‌లా చప్పగా కనిపిస్తుంది. లాగితే తెగుతుంది, రంగూ సరిగా పట్టదు. పింజ సన్నదనాన్ని, ముదురుదనాన్ని కలిపి చెప్పే అంకె మైక్. మన పత్తిలో అది 3.5 కంటే దిగితే పింజ ముదరలేదనే అనుమానిస్తారు.

మీ చివరి కాయలు డిసెంబరు చలిలో ముదిరాయి. రాత్రి చలికి పొరలు పడటం మందగిస్తుంది. ఆకు ఎర్రబడి రాలినా, పొటాష్ చాలకపోయినా ఇదే నష్టం. వచ్చే ఏడు కాయ ఊరే దశలో పొటాష్ ఉన్న 13-0-45 (పొటాషియం నైట్రేట్) ఎరువును లీటరు నీటికి 10 గ్రాముల చొప్పున, వారం పది రోజుల తేడాతో రెండుసార్లు పిచికారీ చేయండి. డిసెంబరు చివరికల్లా పంట ముగిస్తే గులాబీ రంగు పురుగు బెడదా తగ్గుతుంది. చివర్లో ఏరిన పత్తిని మంచిదాంట్లో మాత్రం కలపకండి.

సంచుల విషయంలో మిల్లు వాళ్ల మాట నిజం. యూరియా సంచిని పాలిప్రొపిలీన్ పట్టీలతో నేస్తారు. ఆ ప్లాస్టిక్‌ను సాగదీసినప్పుడు లోపలి అణువుల గొలుసులు పొడవునా బారులు తీరతాయి. అందుకే లాగితే తెగదు కానీ, అంచున నిలువునా చీలి వెంట్రుకల్లాంటి పోగులు ఊడతాయి. అవి దూదిలో కలిస్తే జిన్నింగ్‌లోనూ (గింజ నుంచి దూదిని వేరుచేసేటప్పుడూ) పోవు. గుడ్డకు రంగు అద్దాక తెల్లటి గీతలై బయటపడతాయి. ఒక పోగును పట్టకారుతో పట్టి కాల్చి చూడండి. దూది కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది. సంచి పోగు కరిగి, ముడుచుకుని, గట్టి పూసలా మిగులుతుంది.

ఆరు నెలల కష్టానికి ఒక సంచి పోగు వల్ల ధర తగ్గడం చూస్తే నాకు బాధేస్తుంది. పాత నూలు చీరలతో ఒడి సంచులు కుట్టించి కూలీలకు ఇవ్వండి. మిల్లుకు తీసుకెళ్లేటప్పుడు కూడా నూలు గుడ్డలోనే మూట కట్టండి.