ప్రొవిజనల్ వేస్తే డిజైన్‌కూ రక్షణ ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం. పక్క కడ్డీలు లేకుండా, గిన్నె మీద గిన్నె పెట్టి తిప్పితే బిగుసుకునే టిఫిన్ క్యారియర్ తయారు చేసింది. చూడటానికి తామర మొగ్గలా ఉంటుంది. వచ్చే నెల కాలేజీ టెక్ ఫెస్ట్‌లో పెట్టమంటున్నారు. ముందు ఒక ప్రొవిజనల్ పేటెంట్ పడేస్తే లాకుకీ, ఆకారానికీ ఏడాదిపాటు ఢోకా ఉండదని సీనియర్లు చెప్పారట. నిజమేనా? అసలు ఇది తన కెరీర్‌కు పనికొస్తుందా? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: సీనియర్లు చెప్పినదాంట్లో సగమే నిజం. లాకు వరకు ప్రొవిజనల్ (పూర్తి దరఖాస్తుకు ముందు తేదీ దక్కించుకోవడానికి వేసే తాత్కాలిక దరఖాస్తు) పనికొస్తుంది. మొగ్గ ఆకారానికి పనికిరాదు.

మన దగ్గర ఈ రెండింటికీ వేర్వేరు చట్టాలున్నాయి. గిన్నెలు ఎలా బిగుసుకుంటున్నాయన్నది 1970 నాటి పేటెంట్ చట్టం కిందికి వస్తుంది. చూపుకి ఎలా కనిపిస్తోందన్నది 2000 నాటి డిజైన్ల చట్టం కిందికి వస్తుంది. డిజైన్ల చట్టంలో ప్రొవిజనల్ అనేదే లేదు. మొదటి రోజే పూర్తి దరఖాస్తు వేయాలి. అమెరికాలో కూడా డిజైన్ పేటెంట్‌కు ప్రొవిజనల్ కుదరదు.

డిజైన్ దరఖాస్తు చూసి భయపడక్కర్లేదు. వ్యక్తులకు ఫీజు 1,000 రూపాయలు. ముందు, వెనక, కుడి, ఎడమ, పైన, కింద, ఏటవాలుగా తీసిన శుభ్రమైన బొమ్మలు పెట్టి, కొత్తదనం ఈ ఆకారంలో ఉందని ఒక్క వాక్యం రాయాలి. లాకు ఎలా పనిచేస్తుందో ఇందులో రాసి లాభం లేదు, యంత్ర పద్ధతికి డిజైన్ రక్షణ రాదు. రిజిస్టర్ అయితే పదేళ్లు, ఆ తర్వాత మరో అయిదేళ్లు పొడిగించుకోవచ్చు.

అసలు టెన్షన్ ఫెస్ట్‌తోనే. దరఖాస్తు కంటే ముందు వస్తువు నలుగురి కంటా పడితే కొత్తదనం పోయినట్టే. ప్రదర్శనలకు చట్టంలో మినహాయింపు ఉంది గానీ, అది కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన వాటికే. కాలేజీ ఫెస్ట్‌ని దాన్లో కలపలేం. క్రాక్స్ చెప్పుల సంగతే చూడండి. ఆ ఆకారం రిజిస్ట్రేషన్‌కు ముందే ఇంటర్నెట్‌లో బయటపడిందని భావించి, అలాంటి చెప్పులు అమ్ముతున్న కంపెనీలను ఆపడానికి 2018లో ఢిల్లీ హైకోర్టు ఒప్పుకోలేదు. అంత పెద్ద కంపెనీకే తప్పలేదు. ఇన్‌స్టాగ్రామ్ రీల్, ఫెస్ట్ బ్రోషర్‌లో ఫొటో, యూట్యూబ్ డెమో కూడా బయటపెట్టడం కిందే లెక్క. రెండు దరఖాస్తులూ ఆన్‌లైన్‌లో వేసి, నంబర్లు చేతికొచ్చాకే స్టాల్ పెట్టమనండి. టైం సరిపోకపోతే ఈసారికి వేరే ప్రాజెక్టు పెట్టుకోమనండి.

ఇక లాకు. ప్రొవిజనల్‌కు వ్యక్తులు, విద్యాసంస్థలు ఆన్‌లైన్‌లో కట్టే ఫీజు 1,600 రూపాయలు. క్లెయిములు (దేని మీద హక్కు కోరుతున్నామో చెప్పే వాక్యాలు) రాయక్కర్లేదు, వివరణ ఉంటే చాలు. ఈ సౌకర్యం చూసే పిల్లలు అర పేజీ గీకి పంపేస్తుంటారు. అక్కడే దెబ్బ తింటారు. 12 నెలల్లోపు కంప్లీట్ స్పెసిఫికేషన్ (క్లెయిములతో సహా పూర్తి వివరణ) వేసినప్పుడు, ప్రొవిజనల్‌లో రాసి ఉన్న దానికే అది వేసిన మొదటి తేదీ దక్కుతుంది. మీ అమ్మాయి ఇప్పుడు ‘మూడు గాళ్ల లాకు’ అని మాత్రమే రాసి, ఫెస్ట్‌లో రబ్బరు వాషర్ ఉన్న రకాన్ని చూపించిందనుకోండి. ఆ వాషర్‌కు మొదటి తేదీ ఉండదు, పైగా అందరికీ చూపించేసి ఉంటుంది. కాబట్టి గాళ్ల లోతు, ఎంత తిప్పాలి, వాషర్ ఎక్కడ కూర్చుంటుంది, ఇంకా ఏయే రకాలుగా చేయొచ్చు, అన్నీ బొమ్మలతో సహా ఇప్పుడే పెట్టాలి. గడువు దాటితే దరఖాస్తు వదిలేసినట్టే పరిగణిస్తారు.

డబ్బు కట్టే ముందు ఒకట్రెండు సాయంత్రాలు గూగుల్ పేటెంట్స్, మన పేటెంట్ ఆఫీసు వారి ఇన్‌పాస్ సైట్లలో వెతకమనండి. తిప్పితే బిగిసే మూతలు కొత్తేం కాదు. తన గిన్నెలో నిజంగా కొత్తగా ఉన్నదేమిటో అక్కడే తేలుతుంది. కాలేజీ ల్యాబ్‌లో చేసి ఉంటే దరఖాస్తుదారుగా ఎవరి పేరు ఉండాలో కాలేజీ పాలసీ చదివాకే సంతకం పెట్టాలి. ఆవిష్కర్తగా మాత్రం తన పేరు ఉండి తీరాలి. నమూనా చేయించడానికి బయట వర్క్‌షాప్‌కు ఇస్తే ఎన్‌డీఏ (వివరాలు బయటపెట్టబోమనే ఒప్పందం) రాయించుకోండి.

కెరీర్ సంగతి. ‘పేటెంట్ పబ్లిష్డ్’ అని రెజ్యూమెలో రాసుకునేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. పబ్లిష్ కావడం అంటే మంజూరు కావడం కాదు. 18 నెలలకు దరఖాస్తు మామూలుగానే పబ్లిష్ అవుతుంది, ఫీజు కడితే ఇంకా ముందే అవుతుంది. ఇంకో దందా కూడా నడుస్తోంది. డబ్బిస్తే మీ పేరు కలిపి ‘యూకే డిజైన్ పేటెంట్’ ఇప్పిస్తామంటారు. అక్కడి ఆఫీసు డిజైన్ కొత్తదా కాదా అని పరీక్షించకుండానే రిజిస్టర్ చేస్తుంది. అలాంటి సర్టిఫికెట్‌కు రూపాయి కూడా పెట్టొద్దని నా సలహా. ఇంటర్వ్యూలో ‘ఇందులో నువ్వు చేసిందేమిటి?’ అని అడిగితే నీళ్లు నమలాల్సి వస్తుంది.

మీ అమ్మాయికి ఆ బెడద లేదు, తను చేసిన వస్తువు ఉంది. లీకైన మొదటి నమూనాను, మార్పుల స్కెచ్‌లను తేదీలతో దాచమనండి. డిజైన్ వైపు వెళ్లాలనుంటే ఎం.డెస్ (డిజైన్‌లో పీజీ)కు సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయొచ్చు, ఐఐటీ హైదరాబాద్‌లోనూ ఆ కోర్సు ఉంది. ఈ దరఖాస్తుల పనే నచ్చితే పేటెంట్ ఏజెంట్ పరీక్ష ఉంది. 21 ఏళ్లు నిండి, సైన్స్ లేదా ఇంజనీరింగ్ డిగ్రీ ఉంటే రాయొచ్చు, లా చదవక్కర్లేదు. తన ప్రొవిజనల్ మొదటి డ్రాఫ్ట్ తననే రాయమనండి, ఏజెంట్‌తో ఆ తర్వాత దిద్దించండి. ఈ పని తనకు పడుతుందో లేదో ఆ డ్రాఫ్ట్ రాస్తుండగానే తెలిసిపోతుంది.